మా మరిది పెట్టిన పేరు

మా మరిది తన జీవితంలో సొంతంగా చేసిన పని ఒక్కటే, కూతురికి పేరు పెట్టడం. మిగతావన్నీ ఎవరో ఒకరు చెబితే చేసినవే. తండ్రి చెబితే బస్సు డిపోలో చేరాడు. తల్లి చెబితే మా చెల్లిని చేసుకున్నాడు. తోటి ఫిట్టర్లు రమ్మంటే వెళ్లి తాగడం నేర్చుకున్నాడు. ఆ ఒక్క పేరు మాత్రం ఎవరినీ అడక్కుండా, తన చెవులతో తానే విని, తన బుర్రతో తానే అర్థం చేసుకుని పెట్టాడు. ఆ అర్థమే తప్పు.

మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట నా నోట రావడమే గొప్ప, ఎందుకంటే నాకు భక్తి తక్కువ, నోరు ఎక్కువ, మగవాళ్ల మీద నమ్మకం అసలే లేదు. వాళ్లుండే మేడ కిందే నా కుట్టుపని కొట్టు. స్కూలు యూనిఫారాలు కుడతాను. మిషను రోడ్డుకు ఎదురుగా వేసుకున్నాను కాబట్టి వచ్చేపోయేవాళ్లంతా నా కళ్లముందే. మరిది డిపో నుంచి వచ్చేదీ ఆ రోడ్డునే. డిపోలో అతన్ని అందరూ గ్రీజు అనేవాళ్లు. గొయ్యిలోకి దిగి, బస్సు కింద నిలబడి, రోజంతా తల పైకెత్తి పనిచేసే ఉద్యోగం అతనిది. సాయంత్రానికి జుట్టు నుంచి చెవుల దాకా నల్లటి జిడ్డు. కిరోసిన్‌తో తుడుచుకున్నా మెడ మడతల్లో ఉండిపోయేది. పెళ్లయిన కొత్తలో మా చెల్లి దిండు గలీబులు ఉతికి ఉతికి చేతులు పాడుచేసుకుంది.

ఆ రోజుల్లో తాగి వచ్చేవాడు. గొడవచేసే రకం కాదు, మెట్ల మీద కూర్చుని ఏడ్చే రకం. గొడవచేసేవాడైతే తిట్టడానికైనా వీలుంటుంది, ఏడ్చేవాణ్ణి ఏమని తిడతాం? రేపట్నుంచి ముట్టుకోనని ఒట్టు పెట్టేవాడు. మా చెల్లి నమ్మేది. "ఇంకోసారి నమ్మావంటే నా కొట్టు గడప తొక్కకు" అనేదాన్ని. మళ్లీ నమ్మేది, మళ్లీ మోసపోయేది, మళ్లీ వచ్చి నా కొట్లోనే కూర్చుని కళ్లు తుడుచుకునేది.

చెల్లికి నెలలు నిండుతున్న రోజుల్లో డిపోలో ఒక సంగతి జరిగింది. మరిది ఒక బస్సుకు బ్రేకులు విప్పి, తిరిగి బిగించే పని సగంలో ఆపి, బయటికి వెళ్లి తాగొచ్చాడు. నట్టు బిగించాడో లేదో తనకే గుర్తు లేదు. పని అయింది, బండి తీసుకెళ్లమన్నాడు. డ్రైవరు పాతకాపు కాబట్టి గేటు దాటకముందే ఒకసారి పెడలు తొక్కి చూసుకున్నాడు. కాలు ఊరికే కిందికి దిగిపోయింది. అతను అరవలేదు, పైవాళ్లకు చెప్పలేదు. బండి వెనక్కి తెచ్చి, గొయ్యి అంచున పడి ఉన్న నట్టు తీసి, మా మరిది చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మరిదికి అప్పుడు భయం పట్టుకుంది. ఆ ఆదివారం చెల్లితో కలిసి ప్రార్థన మందిరానికి వెళ్లాడు. అంతకుముందు పెళ్లికి తప్ప ఎప్పుడూ వెళ్లినవాడు కాదు.

లోపల కూర్చోవడానికి మొహం చెల్లక తలుపు దగ్గరే నిలబడ్డాడు. అప్పటి పాస్టరు అయ్యగారు బాగా పెద్దాయన, గొంతు సన్నం. బయటేమో నీళ్ల ట్యాంకరు ఇంజను ఆపకుండా నిలబెట్టారు. ఆయన చదివిన బైబిలు వాక్యంలో ఒక విధవరాలు, పేరు నయోమి, పరాయి దేశంలో భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని సొంతూరికి తిరిగి వస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు గుర్తుపట్టి పేరు పెట్టి పలకరిస్తారు. ఆ పేరుతో పిలవకండి, నన్ను మారా అనండి, అంటుందామె. ఈ కథంతా నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ రోజు ట్యాంకరు మోతలో మరిది చెవిన పడింది ఆ చివరి ముక్క ఒక్కటే.

మనం మాట్లాడేటప్పుడు వచ్చాను అనం, వచ్చా అంటాం. తిన్నాను అనం, తిన్నా అంటాం. నన్ను మారా అనండి అంటే ఇక అతనికి ఏం అర్థం కావాలి? పాత మనిషిని కాను, మారాను, నన్ను ఆ మాటతోనే పిలవండి అని ఎవరో ఒక మనిషి ఊరందరి ముందూ చెప్పుకుందని అనుకున్నాడు. అది తన కోసమే చదివారనుకున్నాడు. తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడని మా చెల్లి వచ్చి చెబితే, "అది రోజూ చేసేదే కదా" అన్నాను నేను.

ఆడపిల్ల పుట్టింది. పిల్లను దీవించడానికి మందిరానికి తీసుకెళ్లిన రోజు పసిగుడ్డు నా చేతుల్లోనే ఉంది. పెద్దాయన పేరు అడిగాడు.

"మారా అండి" అన్నాడు మరిది.

పెద్దాయన ఆగిపోయాడు. మా మొహాలవంక మార్చి మార్చి చూశాడు. "తెలిసే పెడుతున్నావా నాయనా?" అని మెల్లగా అడిగాడు.

"అంతా తెలిసే అయ్యగారూ. నా సంగతి మీకు తెలియంది కాదు. ఇకమీదట దీన్ని పిలిచినప్పుడల్లా నాకు గుర్తుండాలి."

పెద్దాయన కళ్లు చెమర్చాయి. తన బతుకులోని చేదునంతా ఒప్పుకుని, దాన్ని మరిచిపోకుండా ఉండటానికి కూతురికే ఆ పేరు పెట్టుకుంటున్న మహా భక్తుడనుకుని ఉంటాడు పాపం. ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నామనే అనుకున్నారు. ఆయన మా మరిది తల మీద చాలాసేపు చెయ్యి ఉంచాడు. తర్వాత కొన్నాళ్లకే ఆయన పోయాడు. ఆ పేరుకు అర్థం మాకు విప్పి చెప్పే మనిషి మరొకరు లేకపోయారు.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. మరిది నిజంగానే మారాడు. నేను కళ్లలో వత్తులు వేసుకుని కనిపెట్టుకుని కూర్చున్నాను, ఎక్కడా దొరకలేదు.

మా రోడ్డు మలుపులోనే మందు కొట్టు. డిపో నుంచి ఇంటికి వేరే దారి లేదు. రోజూ ఆ కొట్టు ముందుకు రాగానే, "మారా" అని గట్టిగా కేకవేసేవాడు. మేడ మీద నుంచి పిల్లను ఎత్తుకుని చెల్లి తొంగిచూసేది. పిల్ల కాస్త పెద్దదయ్యాక తనే పరుగెత్తుకొచ్చి పలికేది. కొట్టు ముందు నిలబడ్డ పాత స్నేహితులు, "ఏం గ్రీజూ, మారావా?" అని ఆటపట్టించేవాళ్లు. "మారా" అనేవాడు నవ్వుతూ, ఆగకుండా నడిచొచ్చేవాడు. కూతురి మీద ముద్దుతో పిలుస్తున్నాడనుకునేదాన్ని. పిలుపు ఒకటే గానీ అందులో తనతో తాను చెప్పుకునే మాట కూడా ఉందని నాకు తెలియడానికి ఏళ్లు పట్టింది. జలుబుచేసి గొంతు పోయిన రోజున మాత్రం మలుపులోంచి పరుగులాంటి నడకతో వచ్చి, నా కొట్లో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. "ఏమైందయ్యా" అంటే, "ఇవాళ పిలవలేకపోయా వదినా" అన్నాడు.

పిల్ల ఆరో తరగతికి వచ్చిన ఏడాది ఆదివారం బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. చదువుకున్న పిల్ల, ఉత్సాహం ఎక్కువ. లేఖనాల్లోని పేర్లకు అర్థాలు చెబుతానని బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. బైబిలు రాసిన హెబ్రీ భాషలో పేరంటే ఉత్త పేరు కాదట. చాలావాటిలో ఒక సంగతి ఉంటుందట, తల్లి పురిటి మంచం మీద అన్న మాటో, తండ్రి మొక్కుకున్న మాటో. ముసలితనంలో కొడుకు పుడతాడంటే నవ్వొచ్చింది కాబట్టి ఇస్సాకు, అంటే నవ్వు. అన్న మడమ పట్టుకుని పుట్టాడు కాబట్టి యాకోబు. నీళ్లలోంచి తీశారు కాబట్టి మోషే. తరగతిలో ఆ పేర్లున్న మగపిల్లలు ఒక్కొక్కరే లేచి మురిసిపోయారట. మా పిల్ల తనంతట తనే చెయ్యెత్తి అడిగింది. తన పేరుకు అర్థం మారడమని వాళ్ల నాన్న చెప్పాడనీ, అది బోర్డు మీద రాయమనీ అంది.

పంతులమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. మారా అంటే చేదు అంది. అరణ్యంలో దాహంతో చస్తున్న జనానికి దొరికిన నీళ్లు చేదుగా ఉంటే ఆ చోటికీ అదే పేరు పెట్టారని కూడా చెప్పింది. పంతులమ్మ తప్పేం లేదు, అయినా ఈరోజుకీ ఆమె ఎదురుపడితే నాకు ఒళ్లు మండుతుంది.

పిల్లలు ఊరుకుంటారా? మెట్లు దిగేలోపే మా దానికి చేదు అని పేరు పడిపోయింది. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టుకోలేదు. సంగతి విని మరిది మొదట నవ్వాడు. "ఎవరో తెలియక చెప్పుంటారమ్మా. నేను నా చెవులతో విన్నా" అన్నాడు. పిల్ల మాత్రం అతని మొహంలోకి చూడలేదు. సాయంత్రం అతను చొక్కా మార్చుకుని అయ్యగారి దగ్గరికి బయలుదేరాడు. చెల్లికి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ షిఫ్టు ఉండి, తోడుగా నన్ను వెళ్లమంది.

కొత్త అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు. గ్రంథం తెరిచి ఆ భాగమంతా నెమ్మదిగా చదివాడు. ట్యాంకరు మోత లేదు, ప్రతి మాటా వినబడింది. మరిది రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని విన్నాడు.

"అయితే ఆవిడ మారానని చెప్పలేదా అయ్యగారూ?"

"లేదు బ్రదర్. ఆమె ఏడ్చింది. దేవుడు నా బతుకు చేదు చేశాడు, ఆ పేరుతోనే పిలవండి అంది."

"మరి ఆ రోజు నేను విన్నదేంటి?"

అయ్యగారు ధైర్యం చెబుదామని ఇంకో ఇద్దరి కథలు ఎత్తుకున్నాడు. కన్నప్పుడు నొప్పి పడ్డానని యబ్బేజు అని తల్లి పేరు పెట్టినా, ఆ కొడుకు అన్నదమ్ములందరికన్నా ఘనుడయ్యాడట. రాహేలు ప్రాణం పోతూ పోతూ కొడుక్కి బెనోని, నా దుఃఖపుత్రుడు, అని పేరు పెడితే తండ్రి దాన్ని తీసేసి బెన్యామీను అని మార్చాడట, కుడిచేతి కొడుకని. "పేరు మార్చడం మనకు కొత్తేం కాదు బ్రదర్. నయోమి అంటే మధురం. ఆమె ఏ పేరు వదిలేసిందో దాన్నే మన పాపకు పెట్టుకుందాం. దేవుడు చేదును తీపి చేశాడని చెప్పుకుందాం" అన్నాడు. చెడ్డ ఆలోచన కాదు. నాకూ బాగానే అనిపించింది, ఎదిగే పిల్లను జీవితాంతం చేదు అని ఎవరు పిలుచుకుంటారు?

మరిది తలూపాడు. ఇంటికి వచ్చాక మేడ మెట్లు ఎక్కబోతూ ఆగి, "ఇన్నేళ్లూ దేవుడు నాతో ఏం చెప్పలేదన్నమాట వదినా. నేనే ఏదో అనుకున్నా" అన్నాడు.

"చెప్పకపోతేనేం, మానేశావు కదా. మానింది నువ్వే కదా" అన్నాను.

"నేను మానలేదు. ఆ మాట మాన్పించింది" అన్నాడు.

పిల్ల కొత్త పేరు అనగానే ఎగిరి గంతేసింది. మందిరంలో అందరి ముందూ నయోమి అని ప్రార్థన చేశారు. చాక్లెట్లు పంచారు. స్కూల్లో మార్పించడానికి మరిదే సెలవు పెట్టి తిరిగాడు. యూనిఫారం జేబు మీద కొత్త పేరు నేనే దారంతో కుట్టాను. పిల్ల అద్దం ముందు నిలబడి జేబు తడుముకుంటుంటే మా అందరి ప్రాణం కుదుటపడింది. మరిది కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి చెల్లి గండం గడిచిందనుకుంది.

మర్నాడు సాయంత్రం మలుపులోకి వచ్చి, "నయోమీ" అని పిలిచాడు. పిల్ల తొంగిచూసి పలికింది. అతను వచ్చాడు, నా కొట్టు ముందు ఆగాడు. మలుపువైపు తిరిగి చూశాడు. "ఆ పేరు పిలిస్తే పాపను పిలిచినట్టే ఉంది వదినా, ఇంకేం లేదు" అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. అర్థమై చేసేదేముంది? మిషను ఆపి టీ పోసిచ్చాను. ఆ తర్వాత రోజూ అదే సమయానికి ఏదో ఒక వంక పెట్టుకుని మలుపు దాకా ఎదురువెళ్లడం మొదలుపెట్టాను. యూనిఫారాలు ఒప్పజెప్పాల్సిన వారం ఒకటి వచ్చి, కొట్లోంచి కదల్లేకపోయాను. ఆ వారంలోనే అతను మెట్ల మీద కూర్చుని ఏడ్వడం మళ్లీ వినబడింది.

ఈసారి ఒట్లు పెట్టలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది. అబద్ధపు ఒట్టు పెట్టే మనిషికి ఎక్కడో కాస్త ఆశ ఉంటుంది. డిపోలో అతన్ని గొయ్యిలోకి దించడం మానేసి, టైర్లు దొర్లించే పనిలో వేశారు. మందు కొట్టు ముందు పాత స్నేహితులు కూడా ఆటపట్టించడం మానేశారు. ఒంటి రంగు పసుపుకు తిరిగింది, పొట్ట ఉబ్బింది. చెల్లి షిఫ్టు నుంచి వచ్చి అతని కాళ్లు పట్టుకుని ఏడ్చేది. అతను దాని తల నిమురుతూ కూర్చునేవాడు, వేరే ఎవరి కష్టానికో ఓదార్పు చెబుతున్నట్టు.

పిల్ల మాత్రం తన వల్లే జరిగిందని పట్టుకుంది. ఒక ఆదివారం పొద్దున నేను అక్కడుండగానే, జేబు మీద దారం కుట్టు బ్లేడుతో విప్పేసి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, నాకా పేరు వద్దు. నన్ను పాత పేరుతోనే పిలువు. స్కూల్లో ఏమన్నా పర్లేదు."

మరిది దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ రోజు తాగి లేడు. అందుకే ఆ మాట అంత స్పష్టంగా అన్నాడు. "అర్థం తెలిసిపోయిందమ్మా. ఇప్పుడు పిలిస్తే నిన్ను చేదు అని పిలిచినట్టుంటుంది. నా నోటితో నేను నిన్ను అలా ఎట్లా అంటా?"

"నేననుకోను నాన్నా."

"నేను అనుకుంటా కదమ్మా."

పిల్ల ఏడవలేదు. విప్పిన దారం ముక్కలు నేల మీద నుంచి ఏరి చేతిలో పట్టుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి, గోడకు ఆనుకుని, ఆ పెద్దాయన్నీ ఈ కుర్ర అయ్యగారినీ పంతులమ్మనూ అందర్నీ కలిపి తిట్టుకున్నాను. దేవుణ్ణి కూడా వదల్లేదు. ఆ భాష ఈ భాషలోకి వచ్చి మా ఇంటి మీదే పడాలా అనిపించింది.

వానాకాలం చివర్లో నోట్లోంచి రక్తం పడితే పెద్దాసుపత్రిలో చేర్చాం. లివరు పూర్తిగా పోయిందన్నారు. మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. చేతులు మంచానికి గుడ్డతో కట్టారు. వార్డులోకి ఒక్కరినే రానిచ్చేవాళ్లు కాబట్టి చెల్లి లోపల, నేనూ పిల్లా వరండా బెంచీ మీద. మధ్యాహ్నం చెల్లి మందులు తేవడానికి కిందికి వెళ్లింది. అప్పుడే సిస్టరు బయటికి వచ్చి మాకేసి చూసింది. వయసైన మనిషి, అలసిపోయి ఉంది.

"ఆ మూల మంచం మీదాయన మీ మనిషేనా? ఒకటే కలవరింత. మారా, మారా అని. తాగి ఇక్కడిదాకా వచ్చిన ప్రతివాడూ ఇదే మాటమ్మా. అదేదో ముందే మారుంటే అయిపోను" అంది. ఎగతాళిగా అనలేదు. అలాంటి చావులు చూసి చూసి విసిగి అంది.

పిల్ల లేచి నిలబడింది. "అది నా పేరండి. నన్ను పిలుస్తున్నాడు."

"ఇందాక నయోమి అని చెప్పావు కదా" అంది సిస్టరు.

పిల్ల నావైపు చూసింది. అతను కూతుర్ని పిలుస్తున్నాడో, మారానని ఎవరికో చెప్పుకుంటున్నాడో నాకు మాత్రం ఏం తెలుసు? సిస్టరు ఇక అడగలేదు, తలుపు పక్కకు జరిగి దారి ఇచ్చింది. పిల్ల మంచం దగ్గరికి వెళ్లి, కట్టేసి ఉన్న చేతిని పట్టుకుని, వంగి చెవి దగ్గర పలికింది. ఇక్కడే ఉన్నా నాన్నా, వచ్చేశా, అని మళ్లీ మళ్లీ పలికింది. అతను పైకప్పు వంక చూస్తూ పిలుస్తూనే ఉన్నాడు.